ఫ్లాపీ తెరుచుకోకపోతే ముందు డ్రైవ్‌ని అనుమానించండి

పోయిన నెల మా వీధిలో ఉండే రిటైర్డ్ తెలుగు లెక్చరర్ గారు ఒక బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చారు. అందులో 19 ఫ్లాపీలు, పాత కంప్యూటర్లలో ఫైళ్ళు దాచుకునే పల్చటి చదరపు డిస్కులు. పాతికేళ్ళ కిందట రాసుకున్న వ్యాసాలు, టైపు చేయించిన థీసిస్ అన్నీ వాటిలోనే ఉన్నాయట. నా దగ్గరికి రాకముందు బజార్లో ఒక డీటీపీ షాపుకి వెళ్ళారు. అక్కడ మూలన ఇంకా ఒక పాత పెంటియం కంప్యూటర్ ఉంది, వీధిలో ఎవరికి ఫ్లాపీ పని పడినా దాని దగ్గరికే వెళ్తారు. ఒకటి పెట్టి చూశారు, తెరుచుకోలేదు. రెండోది పెట్టారు. మూడోది. అలా ఏడు. ఎనిమిదోది పెట్టబోతుంటే కరెంటు పోయింది. ఆయన అదృష్టం బాగుంది.

ఆ ఏడింటినీ ఒక్కొక్కటిగా తీసి, పైనున్న రేకు పక్కకి జరిపి, కిటికీ వెలుతురులో చూశాను. ఏడింటి మీదా ఒకే చోట, బయటి అంచు దగ్గర, మేకుతో గీసినట్టు గుండ్రటి గీత.

"పాతవి కదండీ, పాడైపోయుంటాయి" అన్నారాయన.

"పాడైపోలేదు మాస్టారూ, ఆ కంప్యూటర్లో ఫ్లాపీ పెట్టే డ్రైవ్ పాడు చేసింది" అన్నాను.

1996 నుంచి తొమ్మిదేళ్ళు బందర్లో ఒక డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేశాను. 12 కంప్యూటర్లు, రోజుకి నాలుగు బ్యాచ్‌లు. చెప్పులు బయట వదిలి రావాలి, ఫ్లాపీ మాత్రం చొక్కా జేబులో పెన్నుల మధ్య పెట్టుకుని రావచ్చు! ఆ తొమ్మిదేళ్ళలో నేను ఎక్కువసార్లు విన్న మాట "సార్, నా ఫ్లాపీ పోయింది". అందులో చాలాసార్లు ఫ్లాపీ పోలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, డ్రైవ్ చేసిన తప్పుకి ఫ్లాపీని చెత్తబుట్టలో వేసేవాళ్ళు. మీ బీరువాలో కూడా ఇలాంటి డబ్బా ఒకటి ఉండి, పదిమంది వాడే కంప్యూటర్లో తెరవాల్సి వస్తే, ఇది చదివాక పెట్టండి.

ఒక ఫ్లాపీ తెరుచుకోకపోతే అదే డ్రైవ్‌లో రెండోది పెట్టకూడదు. మిగతా ఏది మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. ఎందుకో చెప్తాను. హార్డ్ డిస్క్‌లో హెడ్, అంటే చదివే, రాసే ముక్క, లోపలి పళ్ళేనికి తగలకుండా గాలిలో తేలుతుంది. ఫ్లాపీ డ్రైవ్‌లో అలా కాదు, హెడ్ నేరుగా ఆ నల్లటి పొరని తాకుతూ చదువుతుంది. ఫ్లాపీ నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది. హెడ్ మీద ఇసుక రేణువంత మురికి గట్టిపడి ఉన్నా చాలు, పొరని గీకేస్తుంది. గీకిన పొడి మళ్ళీ హెడ్‌కే అంటుకుంటుంది. తర్వాతి ఫ్లాపీని ఇంకాస్త గట్టిగా గీకుతుంది. మనిషికి మనిషికి అంటుకునే జలుబులాంటిదే ఇది, ల్యాబ్‌లో ఒక పూటలో పది ఫ్లాపీలు పోయేవి.

గీత బయటి అంచునే ఎందుకు పడింది? ఫ్లాపీలో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక బయటి అంచున, జీరో ట్రాక్‌లో ఉంటుంది. ట్రాక్ అంటే పొర మీద డేటా రాసే గుండ్రటి దారి. డ్రైవ్ ముందు అక్కడికే వెళ్తుంది. చదవలేకపోతే మళ్ళీ మళ్ళీ అక్కడే ప్రయత్నిస్తుంది, అక్కడే గీకుతుంది. ఆ పట్టికకి రెండు కాపీలు ఉంటాయి, కానీ రెండూ పక్కపక్కనే. ఇంటి తాళంచెవి, డూప్లికేట్ తాళంచెవి ఒకే మేకుకి తగిలించినట్టు. ఎవరు పెట్టారో ఆ పద్ధతి!

కాబట్టి మొదటి పని కళ్ళతో చూడటం. రేకు జరిపి, వెనకవైపు మధ్యలో ఉన్న లోహపు చక్రాన్ని వేలితో నెమ్మదిగా తిప్పుతూ, రెండు వైపులా పొరని చూడండి. వేలు పొరకి తగలకూడదు. నున్నగా, నల్లగా లేదా గోధుమ రంగులో మెరుస్తూ ఉంటే బాగున్నట్టే. తెల్లటి చుక్కలు, బూడిద పూత ఉంటే బూజు. మా బందరు సముద్రపు గాలికి బూజు మామూలే, బీరువాలో ప్లాస్టిక్ కవర్లో కట్టిపెట్టినవాటికి ఇంకా ఎక్కువ. బూజు పట్టిన ఫ్లాపీని డ్రైవ్‌లో పెడితే హెడ్‌కి ఆ బూజు అంటుకుంటుంది, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీ కూడా పోతుంది.

తర్వాత రేకు. వంగి ఉంటే డ్రైవ్ లోపల ఇరుక్కుంటుంది. లాగితే డ్రైవ్ హెడ్ ఊడి వస్తుంది, ఒకసారి మాకు వచ్చింది కూడా. వంగిన రేకుని మెల్లగా పీకి పారేయండి, దాని స్ప్రింగు కూడా తీసేయండి. ఫ్లాపీ అది లేకుండా బాగానే పనిచేస్తుంది. లేబుల్ మీద లేబుల్, దాని మీద లేబుల్ అంటించి ఉంటే పైవి తీసేయండి. ఊడిన అంచు లోపల అతుక్కుంటే ట్వీజర్లతో తీయడానికి గంట పడుతుంది.

ఇప్పుడు డ్రైవ్. దీనికి ఒక బలి ఫ్లాపీ కావాలి. అందులో ఉన్నది పోయినా బాధ లేని, బాగా పనిచేస్తుందని తెలిసిన ఫ్లాపీ. దాన్ని పెట్టి, ఫైళ్ళ జాబితా చూడటంతో ఆగకుండా మొత్తం ఫైళ్ళన్నీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. జాబితా ఒక్క అంచు చదివితే వచ్చేస్తుంది, మొత్తం కాపీ అయితేనే హెడ్ లోపలి ట్రాక్‌ల దాకా వెళ్తుంది. తర్వాత బయటికి తీసి రేకు జరిపి చూడండి. కొత్తగా గీత పడిందా? ఆ డ్రైవ్‌లో ఇంకేమీ పెట్టకండి. నేను ప్రతి సోమవారం పొద్దున్నే 12 డ్రైవ్‌లకీ ఈ పరీక్ష చేసేవాణ్ణి, అది మొదలుపెట్టాక ఫిర్యాదులు బాగా తగ్గాయి.

హెడ్ శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి, మందుల షాపుల్లో, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది. క్లీనింగ్ ఫ్లాపీ దొరికితే దాని మీద నాలుగైదు చుక్కలు వేసి, డ్రైవ్‌లో పెట్టి, చదవమని రెండు మూడుసార్లు అడిగితే చాలు. దొరక్కపోతే కరెంటు తీసేసి, డ్రైవ్ విప్పి, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లతో హెడ్‌ని తుడవాలి. పై హెడ్‌ని పైకి ఎత్తి పట్టుకోకండి, సన్నటి రేకు మీద కూర్చుని ఉంటుంది అది, వంగితే ఇక అంతే. తుడిచాక పది నిమిషాలు ఆరనివ్వాలి. మా ల్యాబ్‌లో ఒక కుర్రాడు సొంత తెలివితో షేవింగ్ లోషన్ వాడాడు. డ్రైవ్ పోయింది, వారం రోజులు ల్యాబంతా మంగలి షాపు వాసన.

మా డ్రైవ్‌లకి అంత మురికి ఎక్కడిదో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఏసీ గది, చెప్పులు బయట. చివరికి తెలిసింది ఏంటంటే, ఆ రోజుల్లో కంప్యూటర్ వెనక ఉన్న ఫ్యాన్ లోపలి గాలిని బయటికి తోసేది, దాని బదులు బయటి గాలి ముందున్న సందుల్లోంచి లోపలికి రావాలి. పెద్ద సందు ఫ్లాపీ డ్రైవ్‌దే. ల్యాబ్‌లో గోడకి నల్లబల్ల ఉంది, లెక్చరర్లు దాని మీద ప్రోగ్రాములు రాసి డస్టర్‌తో దులిపేవాళ్ళు. సుద్దపొడి అంతా నేరుగా హెడ్ మీదికి. బల్లకి దగ్గరున్న 1, 2, 3 నంబర్లే ఎక్కువ చెడిపోయేవి! తర్వాత తెల్లబల్ల పెట్టించాం. మీ పాత కంప్యూటర్ కూడా ఎక్కడ ఉందో చూసుకోండి, వంటగది పక్కన, పిండిమర పక్కన ఉంటే ఫ్లాపీ పెట్టేముందు హెడ్ తుడవాల్సిందే.

ఇక అసలు చిక్కు. ఫ్లాపీ బాగుంది, డ్రైవ్ బాగుంది, కానీ తెరుచుకోదు. "సార్, నిన్న ఏడో నంబర్లో వచ్చిందండీ, ఇవాళ నాలుగులో రావట్లేదు." దీనికి కారణం హెడ్ దారి తప్పడం. 1.44 ఎంబీ ఫ్లాపీకి, అంటే మామూలు మూడున్నర అంగుళాలదానికి, ఒక్కో వైపు 80 ట్రాక్‌లు, అంగుళానికి 135 లెక్కన. అంటే ఒక ట్రాక్‌కీ ఇంకో ట్రాక్‌కీ మధ్య దూరం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా లేదు. హెడ్‌ని జరిపే మోటారు లెక్కపెట్టుకుని అడుగులు వేస్తుందే గానీ సరైన చోట ఆగిందో లేదో చూసుకోదు, కళ్ళకి గంతలు కట్టుకుని మెట్లెక్కినట్టు. డ్రైవ్ ఒకసారి కింద పడితే, లేదా ఏళ్ళ వాడకంతో అరిగితే, ఆ అడుగులు కాస్త పక్కకి పడతాయి. అది రాసింది అదే చదువుకోగలదు, ఎందుకంటే రెండుసార్లూ ఒకేలా తప్పుతుంది. వేరే డ్రైవ్‌కి మాత్రం అర్థం కాదు.

ఏ డ్రైవ్ దారి తప్పిందో తెలుసుకోవడానికి ఒక నోటు పుస్తకం పెట్టాను. ఫ్లాపీ రాసింది ఏ నంబర్లో, తెరుచుకోనిది ఏ నంబర్లో, ఈ రెండే కాలమ్‌లు. రెండు వారాల్లో బొమ్మ కనపడిపోయింది. నాలుగులో రాసినవి పదిలో, పదిలో రాసినవి ఒకటిలో అన్నీ వస్తున్నాయి. ఏడులో రాసినవి మాత్రం ఏడులో తప్ప ఎక్కడా రావు. అందరూ అప్పటిదాకా నాలుగుని తిడుతున్నారు, నిజానికి దొంగ ఏడు. విచిత్రం ఏంటంటే ఏడు దగ్గర కూర్చున్నవాళ్ళకి ఎప్పుడూ ఇబ్బంది లేదు, "మా సిస్టమ్ సూపర్ సార్" అనేవాళ్ళు.

అలాంటి డ్రైవ్‌ని వెంటనే పారేయకండి. దాన్లో రాసిన ఫ్లాపీలకి అదొక్కటే తాళంచెవి. ముందు ఆ ఫ్లాపీలన్నీ దాన్లోనే తెరిచి, హార్డ్ డిస్క్‌లోకి తీసుకుని, ఆ తర్వాతే మార్చండి. మీ ఫ్లాపీలు ఎక్కడ రాయించారో గుర్తుంటే, ఆ కంప్యూటర్ ఇంకా ఎవరి అటక మీదైనా ఉందేమో కనుక్కోండి. అది దొరక్కపోతే రెండు మూడు వేర్వేరు డ్రైవ్‌లలో ప్రయత్నించండి, వాటిలో ఒకటి అటువైపే తప్పి ఉండొచ్చు. ఇప్పుడు అమ్మే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లు కూడా మంచి ప్రయత్నమే. 1.44 ఫ్లాపీని చదువుతాయి, విండోస్‌లో "A:" డ్రైవ్‌గా కనపడతాయి. పాత పెద్ద సైజు, ఐదుంపావు అంగుళాల ఫ్లాపీలు మాత్రం వాటిలో పట్టవు.

పంచుకునే కంప్యూటర్లలోనే ఎక్కువగా బయటపడే ఇంకో వింత ఉంది. మీ ఫ్లాపీ పెడతారు, తెర మీద ముందు పెట్టినవాళ్ళ ఫైళ్ళు కనిపిస్తాయి. ఇద్దరు అమ్మాయిలు దీని మీద గొడవపడి నా దగ్గరికి వచ్చారు, "ఇది నా ఫ్లాపీ కాదండీ, తను మార్చేసింది" అని. ఎవరూ మార్చలేదు. ఫ్లాపీ తీసి వేరేది పెట్టినప్పుడు డ్రైవ్ ఆ సంగతి కంప్యూటర్‌కి ఒక తీగ ద్వారా చెప్తుంది. 34 తీగల పట్టీలో చిట్టచివరిది అది. ఆ తీగ తెగినా, పట్టీ వదులైనా కంప్యూటర్‌కి మార్పు తెలియదు, గుర్తున్న పాత జాబితానే చూపిస్తుంది. చూడటం వరకైతే నష్టం లేదు. అక్కడ మీరు సేవ్ కొడితే మాత్రం పాత ఫ్లాపీ పట్టిక మీ ఫ్లాపీ మీద పడి, ఉన్న ఫైళ్ళన్నీ గల్లంతవుతాయి. అనుమానం వస్తే వేర్వేరు ఫైళ్ళున్న రెండు బలి ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడండి. ఒకే జాబితా వస్తే పట్టీ ఊడదీసి గట్టిగా పెట్టండి, లేదా మార్చండి. విండోస్‌కి ముందటి డాస్‌లో అయితే ఫ్లాపీ మార్చిన ప్రతిసారీ కంట్రోల్, సీ నొక్కితే తాత్కాలికంగా గట్టెక్కొచ్చు. పట్టీ తిరగేసి పెడితే డ్రైవ్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, అప్పుడు లోపల ఫ్లాపీ ఉంచకండి.

ఇలా ఫ్లాపీ మీద రాసి పాడుచేసే గొడవలకి కాపలా ఒక చిన్న కిటికీ. ఫ్లాపీ మూలన ఉన్న నల్లటి ముక్కని జరిపి, రంధ్రంలోంచి వెలుతురు కనపడేలా పెట్టండి. అప్పుడు దాని మీద ఎవరూ ఏమీ రాయలేరు, వైరస్ అయినా సరే. ఐదుంపావు ఫ్లాపీకి ఇది తిరగబడుతుంది, దానికి పక్కనున్న గాటుని మూస్తేనే రక్షణ. పాత ఫ్లాపీ ఏదైనా డ్రైవ్‌లో పెట్టేముందు నేను తప్పకుండా చేసే పని ఇదే.

వైరస్ అన్నాను కాబట్టి ఒక ముక్క. మన దేశంలో 1990లో కనపడిన జోషీ వైరస్ జనవరి 5న తెర మీద కూర్చుని, "హ్యాపీ బర్త్‌డే జోషీ" అని టైపు చేసేదాకా కదలనిచ్చేది కాదు. ఈ తరహావి ఫ్లాపీ మొదటి సెక్టర్‌లో, అంటే జీరో ట్రాక్‌లోని మొదటి ముక్కలో దాక్కునేవి. సాయంత్రం ఎవరో ఫ్లాపీ డ్రైవ్‌లో మర్చిపోతారు, పొద్దున్న స్విచ్ వేస్తే కంప్యూటర్ దాంతోనే మొదలవ్వాలని చూస్తుంది, "నాన్ సిస్టమ్ డిస్క్" అని మెసేజ్ వస్తుంది. ఫ్లాపీ తీసి ఎంటర్ కొట్టి మర్చిపోతాం. ఆ మెసేజ్ కనపడేలోపే వైరస్ తన పని చేసుకుపోతుంది. పాత కంప్యూటర్ వాడుతుంటే బయాస్‌లో, అంటే స్విచ్ వేయగానే నడిచే ప్రోగ్రాం సెట్టింగుల్లో, సీ డ్రైవ్‌ని ముందు పెట్టేయండి.

మెసేజ్‌ల సంగతికి వస్తే, "నాట్ రెడీ" అంటే ఫ్లాపీ సరిగ్గా కూర్చోలేదు, తీసి మళ్ళీ పెట్టండి. "సెక్టర్ నాట్ ఫౌండ్", "డేటా ఎర్రర్" అంటే చాలా భాగం చదవగలుగుతోంది, ఒకచోట తడబడుతోంది. రీట్రై నాలుగైదుసార్లు కొట్టండి, తీసి మళ్ళీ పెట్టండి, కూర్చునే తీరు కాస్త మారితే ఒక్కోసారి చదివేస్తుంది. ఎండలో సైకిలు మీద వచ్చిన ఫ్లాపీ ఏసీ గదిలో వెంటనే తెరుచుకోకపోవడం నేను చాలాసార్లు చూశాను, వేడికి పొర కాస్త సాగుతుంది. అరగంట బల్ల మీద పెట్టి చల్లారాక చూడండి. "ఈ డిస్క్ ఫార్మాట్ చేయలేదు, ఇప్పుడు చేయమంటారా?" అని విండోస్ అడిగితే వద్దు అనండి. టెన్షన్‌లో అవును కొట్టేస్తే గోరుచుట్టు మీద రోకటిపోటే. ఆ ప్రశ్నకి అర్థం ఫ్లాపీ ఖాళీగా ఉందని కాదు, జీరో ట్రాక్ చదవలేకపోయానని.

డిస్కులని సరిచేసే స్కాన్‌డిస్క్ ప్రోగ్రాం కూడా వెంటనే నడపకండి, అది ఫ్లాపీ మీదే మరమ్మతులు రాసేస్తుంది. ముందు మొత్తం ఫ్లాపీని ఒకే ఫైలుగా, ఇమేజ్‌గా తీసుకోవాలి. లైనక్స్ ఉంటే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం మంచిది, చదవలేని చోట్లు గుర్తుపెట్టుకుని తర్వాత మళ్ళీ వాటినే ప్రయత్నిస్తుంది. విండోస్‌లో విన్‌ఇమేజ్ ఉంది. 1.44 ఫ్లాపీ ఇమేజ్ సరిగ్గా 14,74,560 బైట్లు ఉండాలి, తక్కువుంటే మొత్తం రానట్టే; సైజు సరిపోయినా చదవలేని చోట్లు మధ్యలో ఖాళీగా ఉండొచ్చు. ఇక ఆ ఫైలు మీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు, అసలు ఫ్లాపీకి విశ్రాంతి.

మాస్టారి డబ్బాలో మిగిలిన 12లో ఐదింటికి బూజు ఉంది. వాటిని రేకు జరిపి, చక్రం తిప్పుతూ, ఆల్కహాల్‌లో తడిపి పిండిన దూది పుల్లతో రెండు వైపులా తుడిచాను. రుద్దకూడదు, ఆనించి జరపాలి అంతే. గంట ఆరబెట్టి, శుభ్రం చేసిన డ్రైవ్‌లో ఒక్కొక్కటే పెట్టి, ప్రతి ఫ్లాపీ తర్వాత హెడ్ తుడుస్తూ ఇమేజ్ తీశాను. ఒక పూట మొత్తం పట్టింది. 11 పూర్తిగా వచ్చాయి. ఒకదాంట్లో లోపలి ట్రాక్‌లు కొన్ని పోయాయి.

గీతలు పడిన ఏడింటిలో పట్టిక పోయింది, నిజమే. కానీ డ్రైవ్ అంచు దాటి లోపలికి వెళ్ళనే లేదు కాబట్టి లోపల ఉన్నది క్షేమంగా ఉంది. వాటి ఇమేజ్ మీద ఫోటోరెక్ అనే ప్రోగ్రాం నడిపితే, పట్టిక లేకపోయినా ఫైలు మొదలయ్యే గుర్తులని బట్టి వెతికి వర్డ్ ఫైళ్ళు చాలావరకు తీసింది. పేర్లు మాత్రం రావు. ఏది ఏ అధ్యాయమో మాస్టారే తెరిచి చూసి చెప్పాలి.

ఆయన మొదటి ఫైలు తెరిచి మళ్ళీ దిగాలు పడ్డారు. తెర మీద తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, చుక్కలు. ఇది పాడవడం కాదు. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే యూనికోడ్ వాడుకలోకి రాకముందు డీటీపీలో తెలుగు అలాగే ఉండేది, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చేవాళ్ళు. ఆ రోజు వాడిన ఫాంటు వేస్తే తెలుగు కనపడుతుంది. మాస్టారివి అను ఫాంట్‌లో ఉన్నాయి. ఫాంటు వేసి, తర్వాత కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాం. వత్తులు, సున్నలు కొన్ని తారుమారయ్యాయి, అవి ఆయనే ఎర్ర పెన్నుతో దిద్దుతున్నారు.

మర్నాడు దూది, ఆల్కహాల్ సీసా పట్టుకుని ఆ డీటీపీ షాపుకి వెళ్ళాను. డ్రైవ్ విప్పి హెడ్ తుడిస్తే దూది గోధుమ రంగులో వచ్చింది, రెండోసారి తుడిచినా అంతే. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు తల పక్కకి వంచి చూస్తున్నాడు.

"పొద్దున ఇంకొకాయన వచ్చారు అంకుల్, సంచీ నిండా ఫ్లాపీలు. ఒక్కటీ ఓపెన్ అవలేదు."

"ఎన్ని పెట్టాడు?"

"అన్నీ."